సోలార్ సంగతి తర్వాత, ముందు బ్యాటరీ ట్రే కింద పడుకొని చూడండి

"మాది ఒంగోలు. సెకండ్ హ్యాండ్‌లో ఫైబర్‌గ్లాస్ ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించుకొని లాక్కెళ్ళే చిన్న ఇల్లు) తీసుకున్నా. మెయింటెనెన్స్ ఎట్లా చేసుకోవాలి? సోలార్, లిథియం బ్యాటరీ పెట్టిస్తే బాగుంటుందా?" అని అడిగారు.

సోలార్, లిథియం రెండూ కాసేపు పక్కన పెట్టండి. ఇవాళ సాయంత్రం ట్రైలర్ ముందు భాగం దగ్గర నేల మీద పడుకొని, బ్యాటరీ కూర్చున్న ట్రేని కింద నుంచి స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. ములికి లోపలికి దిగిందంటే మీ మొదటి అప్‌గ్రేడ్ అదే. మిగతావన్నీ దాని తర్వాతే.

కావలి ఊరి అవతల నాకు రొయ్యల గుంటలున్నాయి. కల్చర్ నడుస్తున్నన్నాళ్ళూ రాత్రిపూట గట్టు మీద ఎవరో ఒకరు ఉండాలి. నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్ ఆగిపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. రేకుల షెడ్డులో పడుకోలేక ఈ ట్రైలర్ తీసుకున్నా. పట్టుబడి అయిపోయాక బొలేరోకి తగిలించుకొని కుటుంబంతో ఎటో ఒకటు పోతాం. కోడిగుడ్డు ఆకారంలో పై డొప్ప ఒకటి, కింద డొప్ప ఒకటి, మధ్యలో అతుకు. ఈ రకం బళ్ళకి మొదట పేరు తెచ్చింది కెనడాలో విన్నిపెగ్ ఊళ్ళో 1968లో మొదలైన బోలర్. దాన్ని తయారుచేసిన రే ఒలెకో అంతకుముందు ఫైబర్‌గ్లాస్ సెప్టిక్ ట్యాంకుల మీద పనిచేసిన మనిషి. ఈ మాట మా ఆవిడకి చెప్పడం వల్ల నాకేమీ మంచి జరగలేదు.

ఫైబర్ తుప్పు పట్టదు కదా, ఇక మెయింటెనెన్స్ ఏముంది అనుకుంటారు చాలామంది. డొప్ప తుప్పు పట్టదు, నిజమే. దాని కింద చాసిస్, ముందు మూడు మూలల ఫ్రేము, ఇరుసు, బోల్టులు అన్నీ ఇనుమే. మనది సముద్రపు గాలి. బ్యాటరీ ట్రేకి ఇంకో గండం కూడా ఉంది. మామూలు బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు మూతల్లోంచి యాసిడ్ తుంపర బయటికొస్తుంది. పైన యాసిడ్, కింద లాగే బండి చక్రాలు లేపిన కంకర, చుట్టూ ఉప్పు గాలి. రంగు వేసిన రేకు పైకి నిండుగా కనిపిస్తుంది, లోపల పొరలు పొరలుగా ఊడిపోయి ఉంటుంది.

నా బండికి పాత ఓనరు ఎవరి చేతో పల్చటి రేకు వంచి నాలుగు మూలలా టాకాలు వేయించాడు. దాని మీద 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ. 50 కేజీల పైనే ఉంటుంది. అదెట్లా నిలబడుతుందని అనుకున్నాడో ఆయనకే తెలియాలి.

మా బావమరిది కుటుంబం, మేము కలిసి కొత్తపట్నం బీచికి బయల్దేరాం. సింగరాయకొండ దాటాక వెనకాల ఒక లారీ ఆగకుండా హారన్ కొడుతోంది. సైడిచ్చినా ముందుకు పోడు. "ఆయన మనల్నే పిలుస్తున్నట్టున్నాడండీ" అని మా ఆవిడ అంటూనే ఉంది, లారీ పక్కకొచ్చింది. క్లీనరు పిల్లోడు సగం బయటికి వేలాడి, "అన్నా, బ్యాటరీ! ఏలాడతా ఉండాది!" అని అరిచాడు.

పక్కకి తీసి దిగి చూస్తే, ట్రే మూడు మూలలు ఊడిపోయి ఒక్క మూల మీద వంగి ఉంది. బ్యాటరీ ఏటవాలుగా జారి, బెల్టు మీదా లావు కేబుల్ మీదా ఆగింది. మూతల్లోంచి యాసిడ్ కారి ఫ్రేము మీద పడుతోంది. నా గుండె ఆగినంత పనైంది యాసిడ్‌ని చూసి కాదు. ప్లస్ టెర్మినల్‌కీ ఇనప ఫ్రేముకీ మధ్య బెత్తెడు కూడా లేదు. ఫ్యూజ్ ఎక్కడుందంటే ట్రైలర్ లోపల స్విచ్ బోర్డు పక్కన, చూడ్డానికి అందంగా. అంటే బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చే వైరుకి అడ్డమే లేదు. ఆ వైరు నలిగి ఫ్రేముకి తగిలుంటే ఎర్రగా కాలి డొప్పకి అంటుకునేది. డొప్పలో ఫైబర్‌ని పట్టి ఉంచే జిగురు, అదే పాలిస్టర్ రెసిన్, అంటుకుంటే నల్లటి పొగతో భగభగా మండుతుంది. ఫ్యూజ్ పెట్టాల్సింది బ్యాటరీ ప్లస్ పక్కనే, జానెడు దూరంలో. వైరింగ్ చేసేవాళ్ళకి ఈ ఒక్క మాట ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు. "ఏం కాదు సార్" అనేది వాళ్ళ తారకమంత్రం.

ముందు మైనస్ విప్పాం. పానా జారి చాసిస్‌కి తగిలినా మైనస్ విప్పేటప్పుడు నిప్పురవ్వ రాదు. ప్లస్ ముందు విప్పబోతే మాత్రం వస్తుంది. బ్యాటరీని నిలువుగా బొలేరో వెనక కూర్చోబెట్టాం. యాసిడ్ పడినచోట, బీచిలో మిరపకాయ బజ్జీలు వేద్దామని మా చెల్లెలు తెచ్చిన వంట సోడా డబ్బా మొత్తం చల్లాం. ఫ్రేము మీద బుసబుసా నురగ పొంగింది. పిల్లలకి అది బీచి కన్నా బాగా నచ్చింది. నురగ రావడం ఆగేదాకా చల్లి, నీళ్ళతో కడిగాం. బజ్జీలు గట్టిగా వచ్చాయని ఆ అమ్మాయి ఇప్పటికీ అంటూ ఉంటుంది.

అసలు చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచే. కొత్తపట్నం ఒడ్డున బోట్లకి ఫైబర్ అతికే పెద్దాయన ఒకాయన కనిపించాడు. 2004 సునామీ తర్వాత మన తీరమంతా ఫైబర్ బోట్లు పెరిగాయి కదా. వాటితోపాటు ఈ పని తెలిసినవాళ్ళూ ఊరూరా తయారయ్యారు. ఊడిన రేకుని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవురు సార్ ఈ అట్టముక్క బెట్టింది? ఇనుం బరువు మొయ్యాల, ఫైబరు నీళ్ళు ఆపాల. నువ్వు దీంతో రెండు పన్లూ చేపించినావే" అన్నాడు.

నేను చేపల థర్మోకోల్ పెట్టె చూపించి దీన్నే అచ్చుగా వాడొచ్చు కదా అంటే నవ్వాడు. రెసిన్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుందట. ప్లైవుడ్ ముక్కలతో బ్యాటరీ కంటే అంగుళం పెద్ద పెట్టె కొట్టి, అంచులు చిత్రికపట్టి గుండ్రం చేశాడు. పదునైన మూల మీద మ్యాట్ (గాజు నార గుడ్డ) ఒదగదు, లోపల గాలి బుడగ మిగులుతుంది. పెట్టెకంతా ప్యాకింగ్ టేపు చుట్టాడు, రెసిన్ దానికి అంటుకోదు. ఎండ మండుతోంది కాబట్టి రెసిన్‌ని గట్టిపరిచే హార్డెనర్ తగ్గించి పోశాడు. రెసిన్ బరువులో నూటికి ఒకటి నుంచి రెండు వంతులు మామూలు లెక్క, ఎండాకాలం ఒకటి చాలు. ఆయనకి కాటా లేదు, సీసా మూతే కొలత. మగ్గు బయట వేళ్ళ వెనక భాగం ఆనించి చూస్తూ పనిచేశాడు. వెచ్చబడగానే మగ్గులో మిగిలింది ఇసకలో పారబోసి కొత్తది కలిపాడు. మూడు పొరల మ్యాట్, ఒక్కో పొర మీదా బ్రష్షుతో పొడుస్తూ బుడగల్ని బయటికి తరిమాడు. మేము అన్నాలు తిని వచ్చేసరికి ట్రే గట్టిపడి ఉంది. ఒక మూల చిన్న బెజ్జం వేసి రబ్బరు పైపు పెట్టమన్నాడు, కారింది ఫ్రేము మీద పడకుండా నేల మీదికి పోయేట్టు.

ఇంటికొచ్చాక ఇనుము పని కావలిలో చేయించా. 40 ఎంఎం యాంగిల్, 5 ఎంఎం మందం, చాసిస్‌కి బోల్టులతో బిగింపు, అదురుకి వదులవ్వని నైలాక్ నట్లు. ఫైబర్ ట్రే అందులో కూర్చుంటుంది. దాని కింద రబ్బరు షీటు, బ్యాటరీ పైన అడ్డపట్టీ. ఎపాక్సీ ప్రైమర్ కొట్టించా. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే కొట్టి వదిలేస్తే మన తీరంలో రెండు వానాకాలాలు ఆగదు, ఎవరేమన్నా నేను ఒప్పుకోను.

కాబట్టి డొప్పలో పగులొచ్చినా, కిటికీ పక్కన మెత్తబడినా కారు బాడీ షాపుకి పోకండి. పుట్టీ రాసి, రంగు కొట్టి, నాలుగింతలు గుంజుతారు. పుట్టీకి బలం లేదు, బలం మ్యాట్‌ది. బోట్లు బాగుచేసేవాడికి అల దెబ్బ తెలుసు, మీ బండికి గుంతల దెబ్బ ఆయనకో లెక్క కాదు. మీకు కొత్తపట్నం దగ్గరే. మా వైపువాళ్ళయితే జువ్వలదిన్నె పోవచ్చు. ఇంట్లో మీరే చేద్దామనుకుంటే ఒక్క జాగ్రత్త: కోబాల్ట్ (రెసిన్ త్వరగా గట్టిపడేందుకు కలిపే మందు), హార్డెనర్ రెండింటినీ నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెసిన్‌లో బాగా కలిశాకే హార్డెనర్. గీకేటప్పుడు మాస్కు, పూర్తి చేతుల చొక్కా. ఆ దురద రెండు స్నానాలకి కూడా పోదు.

నీళ్ళు కారేచోట సిలికాన్ పూయకండి. హార్డ్‌వేర్ షాపులో అందరూ అదే చేతిలో పెడతారు. ఒకసారి పూస్తే తర్వాత అక్కడ రెసిన్ గానీ రంగు గానీ పట్టదు. పాలీయురెథేన్ సీలెంట్ అడగండి. రివెట్లు, కిటికీ రబ్బరు, పైన వెంటిలేటర్ చుట్టూ, డొప్పల అతుకు వానల ముందు చూసుకోవాలి. ఎండకి పై మెరుపు పోయి సున్నంలా చేతికంటుతుంటే కాంపౌండ్‌తో రుద్ది వ్యాక్స్ పట్టించండి. నేను గుంటల మీద వాడే షేడ్ నెట్టు పందిరి వేసి కింద నిలుపుతా. టార్పాలిన్ నేరుగా కప్పితే గాలికి రాసుకొని గీతలు పడతాయి. తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం చాసిస్‌ని నాలుగు వైపులా మోకులతో మేకులకి కట్టేయాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు మా గట్టు మీద రేకుల షెడ్డు లేచిపోయింది, ట్రైలర్ కదల్లేదు.

ఇక మీరడిగిన లిథియం. డబ్బులుంటే పెట్టుకోండి, మంచిదే. 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 12 కేజీల చుట్టూ ఉంటుంది, యాసిడ్ గొడవ లేదు. కారు ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి నేరుగా ఛార్జ్ చేయకండి, కరెంటు విపరీతంగా లాగి ఆల్టర్నేటర్‌ని కాలుస్తుంది. మధ్యలో ఆ కరెంటుని అదుపులో పెట్టే డీసీ టు డీసీ ఛార్జర్ ఉండాలి. ఇంకోటి ఎవరూ చెప్పరు. ముందు నుంచి 40 కేజీలు తీసేస్తే బండి ముక్కు తేలికవుతుంది. ట్రైలర్ మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు హుక్కు మీద పడాలి, లేకపోతే హైవే మీద వేగం పెరిగేకొద్దీ వెనక బండి తోక ఊపుతుంది. నేను ఆ ఖాళీలో పనిముట్ల పెట్టె బిగించా.

సోలార్ ప్యానెల్ కోసం పైకప్పుకి బెజ్జాలు కొట్టించకండి. నేల మీద నిలబెట్టుకునే ప్యానెల్ తీసుకుంటే బండిని నీడలో పెట్టి ప్యానెల్‌ని ఎండలో పెట్టుకోవచ్చు. ఫ్యానుకి, లైట్లకి, ఫోన్లకి చాలు. ఏసీ నడుస్తుందా అని తర్వాత అడుగుతారని తెలుసు, అందరూ అడుగుతారు. 100 ఏహెచ్ లిథియం మీద ముప్పావు టన్ను ఏసీ ఆగకుండా తిరిగితే గంటన్నర దాటదు. నేను గుంటల దగ్గర కరెంటు లైనుకి తగిలించుకొని ఏసీ వేసుకుంటా. రోహిణి కార్తెలో బీచి ఒడ్డున ట్రైలర్‌లో చల్లగా పడుకోవాలనేవాళ్ళు వీడియోలు చూడ్డం మానేసి ఊళ్ళో లాడ్జి రూము తీసుకోండి.