2 నానోమీటర్ చిప్ వచ్చేదాకా ల్యాప్‌టాప్ కొనకుండా ఆగాలా?

మీ తమ్ముడికి ఈసీఈలో సీటొచ్చింది, ల్యాప్‌టాప్ కొనాలి, ఇంటెల్, తైవాన్ చిప్ తయారీ కంపెనీ టీఎస్‌ఎంసీ, శాంసంగ్ మూడూ 2 నానోమీటర్ అంటూ పోటీ పడుతున్నాయి కదా, ఇంకో ఏడాది ఆగితే నయమా అని అడిగారు. ఆగొద్దన్నా. నల్గొండలో చాలా ఏళ్లుగా ల్యాప్‌టాప్ రిపేర్లు, సెకండ్‌హ్యాండ్ అమ్మకాలు చేస్తున్నాను. షాపుకొచ్చే పిల్లలు కూడా ఈ మధ్య ఇదే అడుగుతున్నారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు ఆ అంకె సంగతి. నానోమీటర్ అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు, కానీ చిప్ పేరులో అది కొలత కాదు. చిప్ నిండా ట్రాన్సిస్టర్లు అనే బుల్లి స్విచ్‌లు ఉంటాయి, వాటిలో కరెంటును ఆపే, వదిలే భాగమే గేటు. 2 నానోమీటర్ అని పిలిచే చిప్‌లో ఒక గేటుకీ పక్క గేటుకీ మధ్య దూరమే 40 నానోమీటర్ల పైన ఉంటుంది. మన దగ్గర 1010 వడ్లు అంటే ఎట్లా రకం పేరో, ఇదీ అంతే. ఒకప్పుడు ఆ అంకె నిజంగా గేటు పొడవుకు దగ్గరగా ఉండేది, ఇప్పుడు ఒక తరానికి పెట్టిన పేరు మాత్రమే. 2021 జులైలో ఇంటెల్ తన 10 నానోమీటర్ పద్ధతిలో మెరుగైన రకానికి ‘ఇంటెల్ 7’ అని పేరు మార్చేసింది. దాన్ని మోసం అని కూడా అనలేం. చదరపు మిల్లీమీటరులో పట్టే ట్రాన్సిస్టర్ల లెక్క చూస్తే ఇంటెల్ వాళ్ల 10, టీఎస్‌ఎంసీ వాళ్ల 7 దాదాపు ఒకచోటే ఉంటాయి.

అసలు విషయం నాకు సెకండ్‌హ్యాండ్ వ్యాపారంలో తెలిసింది. ఇంటెల్ 7వ తరం ఐ5 7200యూ, 8వ తరం ఐ5 8250యూ. ఈ రెండూ నా బల్ల మీదకు తరచూ వస్తాయి. రెండూ 14 నానోమీటరే, రెండూ 15 వాట్లే. కానీ మొదటిదాంట్లో 2 కోర్లు (అసలు లెక్కలు చేసే భాగాలు), రెండోదాంట్లో 4. పక్కపక్కన పెట్టి ఒకే ఎస్‌ఎస్‌డీ, ఒకే ర్యామ్ వేసి ఆన్ చేస్తే, కంప్యూటర్ గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా ఏది కావాలో చేత్తో చూపిస్తారు. నానోమీటర్ తగ్గకుండా కోర్లు రెట్టింపు ఎట్లా అయ్యాయి? తేదీలు చూడండి. 2017 మార్చిలో ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ నుంచి రైజెన్ చిప్ వచ్చింది, ఆగస్టులో ఇంటెల్ ఈ 4 కోర్ల చిప్ దించింది. అప్పటిదాకా ఈ రకం సన్న ల్యాప్‌టాప్‌లలో ఐ5 అంటే రెండు కోర్లే, ఐ7 అన్నా చాలావాటిలో రెండే. ఎదురుగా నిలబడేవాడు లేనన్నాళ్లూ అదే సరుకు అమ్మారని నా అభిప్రాయం. ఇంటెల్ 2014లో 14 నానోమీటర్‌కు వచ్చి, 10 దగ్గర ఏళ్ల తరబడి ఇరుక్కుపోయింది. 2021లో వచ్చిన 11వ తరం డెస్క్‌టాప్ చిప్ కూడా 14 మీదే తయారైంది. అదే సమయంలో, సొంత ఫ్యాక్టరీలను 2009లోనే విడిగా కంపెనీ చేసి వదిలించుకున్న ఏఎండీ, 2019లో టీఎస్‌ఎంసీ 7 నానోమీటర్ మీద చిప్‌లు చేయించుకుని ముందుకెళ్లిపోయింది.

విండోస్ 11 గీత కూడా సరిగ్గా అక్కడే పడింది. ఇంటెల్‌లో, కొన్ని తప్ప, 8వ తరం నుంచే అధికారికంగా పడుతుంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగాక 7వ తరం మెషీన్లను అడిగేవాళ్లు తగ్గారు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ నుంచి సరుకు తెచ్చుకునేటప్పుడు నేనైతే ముందు తరం నంబరే చూస్తా.

అట్లాగని నానోమీటర్ దండగ అనుకోవద్దు. వేడి దగ్గర తేడా స్పష్టంగా తెలుస్తుంది. చిన్న ట్రాన్సిస్టర్ అదే పనికి తక్కువ కరెంటు తీసుకుంటుంది. మే నెలలో ఇక్కడ 44 డిగ్రీలు దాటినప్పుడు పాత 14 నానోమీటర్ ల్యాప్‌టాప్‌లు ఫ్యాన్ మోత మోగిస్తాయి, వేడి ఇంకా పెరిగితే స్పీడు తామే తగ్గించుకుంటాయి. దుమ్ము ఊది, థర్మల్ పేస్ట్ మార్చి పంపిస్తాం, వచ్చే ఎండాకాలం మళ్లీ వస్తాయి. 2020 నవంబర్‌లో ఆపిల్ ఎం1తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌కు ఫ్యానే లేదు. అది టీఎస్‌ఎంసీ 5 నానోమీటర్. ఈ ఒక్క విషయంలో అంకె తన మాట నిలబెట్టుకుంది.

ఇక ఇప్పటి పోటీ. ఈ స్థాయి చిప్‌లు అచ్చువేయాలంటే ఈయూవీ (ఒక రకం అతినీలలోహిత కాంతి) యంత్రం కావాలి. దాన్ని నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్ ఒక్కటే అమ్ముతుంది. ఆ యంత్రం కరిగిన తగరం బొట్లను సెకనుకు 50 వేల చొప్పున లేజర్‌తో కొట్టి 13.5 నానోమీటర్ల కాంతిని పుట్టిస్తుంది. ఈ పోటీలో గట్టిగా మిగిలింది మూడు కంపెనీలే కావడానికి ఇలాంటి యంత్రాల ఖర్చే పెద్ద కారణం. గేటును అన్నివైపులా చుట్టే కొత్త రకం ట్రాన్సిస్టర్‌ను శాంసంగ్ 2022 జూన్‌లో అందరికంటే ముందు మొదలుపెట్టింది. కానీ ఒక్కో వేఫర్‌కు (చిప్‌లు అచ్చువేసే సిలికాన్ పళ్లెం) పనికొచ్చే చిప్‌లు ఎక్కువగా తీసేది టీఎస్‌ఎంసీ కాబట్టి పెద్ద గిరాకీలు అటే పోయాయి. ఆఖరికి ఇంటెల్ కూడా 2024లో తన లూనార్ లేక్ చిప్‌లో ముఖ్యమైన ముక్కను టీఎస్‌ఎంసీ దగ్గరే చేయించుకుంది! టీఎస్‌ఎంసీ 2 నానోమీటర్ ఉత్పత్తి 2025 చివర్లో మొదలైంది. దానికి ఇంటెల్ జవాబు 18ఏ అనే తయారీ పద్ధతి. దాని మీద చేసిన పాంథర్ లేక్ ల్యాప్‌టాప్‌లు 2026 జనవరిలో విడుదలయ్యాయి. అంటే మీరు ఆగుదామనుకున్నది వచ్చేసింది, కాకపోతే ఖరీదైన మోడళ్లలో.

ఆగితే నష్టం ఇంకోచోట ఉంది. ర్యామ్. మెమరీ తయారుచేసే శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మూడూ ఏఐ సర్వర్ల మెమరీ వైపు మళ్లడంతో 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఈసీఈ పిల్లలు వివాడో లాంటి వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) టూల్స్ వాడాల్సి వస్తుంది, 8 జీబీతో అవి ఏడిపిస్తాయి. 16 జీబీ ఉండాలి, లేదంటే ఇంకో స్టిక్ వేసుకునే స్లాట్ అయినా ఖాళీగా ఉండాలి. సన్న మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచడం మా వల్ల కాదు.

మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి, చిప్ రంగమంటే 2 నానోమీటర్ ఒక్కటే కాదు. ఇస్రో కోసం మొహాలీలో తయారైన విక్రమ్ 3201 ప్రాసెసర్ 180 నానోమీటర్. గుజరాత్ ధోలేరాలో టాటా కడుతున్న ఫ్యాక్టరీ గురి 28 నానోమీటర్లు, అంతకంటే పెద్దవి. హైదరాబాద్‌లో ఏఎండీ, క్వాల్‌కామ్, ఇంటెల్ డిజైన్ ఆఫీసులున్నాయి. అతని చదువుకు ఈ సంగతులు పనికొస్తాయి.

కొనేటప్పుడు డబ్బాపై స్టిక్కర్ చూసి సరిపెట్టుకోకుండా టాస్క్ మేనేజర్ తెరిపించి కోర్లు, ర్యామ్ స్లాట్లు చూడండి. తర్వాత ఓ పావుగంట వీడియో నడిపించి కీబోర్డు మీద చెయ్యి పెట్టండి. ఏసీ షోరూంలోనే వేడెక్కుతుంటే మన ఎండలకు అసలు ఆగదు. దాన్ని వదిలేసి ఇంకోటి అడగండి.