ల్యాబ్ భవనానికి పీక్ డిమాండ్ (ఒకేసారి లాగే గరిష్ఠ కరెంటు): ముందు గాలి లెక్క వేయండి, పరికరాలు తర్వాత

మీరు అడిగింది ఇదీ: 10,000 చదరపు మీటర్ల రీసెర్చ్ భవనం, అందులో 6,000 చదరపు మీటర్లు ల్యాబులవి. పరికరాల జాబితాలో నేమ్‌ప్లేట్ (పరికరం మీద రాసి ఉండే) వాట్లన్నీ కూడితే ఒక్క పరికరాలకే చదరపు మీటరుకు 150 వాట్లు వస్తోంది. దాన్ని అలాగే ఉంచి ట్రాన్స్‌ఫార్మర్ ఎంచుకోవాలా, ఏదో ఒక డిమాండ్ ఫ్యాక్టర్‌తో (మొత్తం లోడ్‌లో నిజంగా ఒకేసారి లాగే వంతుతో) తగ్గించాలా?

నేమ్‌ప్లేట్లు కూడొద్దు. అలాగని భవనం మొత్తానికి ఒకే ఫ్యాక్టరూ వేయొద్దు. ఇలాంటి భవనాల లోడ్ లెక్కలు చాలాకాలంగా చేస్తున్నాను. అందరి బుర్రా పరికరాల జాబితా మీదే ఉంటుంది, కరెంటు తాగేది మాత్రం గాలి.

ల్యాబులో గాలిని తిప్పి వాడుకోలేం. లోపలికి వచ్చిందంతా ఫ్యూమ్ హుడ్ల (రసాయనాల ఆవిర్లను బయటికి లాగే, ముందు అద్దం ఉండే పెట్టెల) గుండా, ఎగ్జాస్ట్ గుండా బయటికే పోతుంది. 3 మీటర్ల ఎత్తు, గంటకు 8 ఎయిర్ చేంజ్‌లు (గదిలో గాలంతా 8 సార్లు మారడం) అనుకుంటే మీ ల్యాబులకు సెకనుకు 40 ఘనపు మీటర్ల గాలి కావాలి. వేడి, ఉక్కపోత ఉన్న రోజున బయటి గాలిని 13 డిగ్రీలకు దించాలంటే సెకనుకు వచ్చే ప్రతి ఘనపు మీటరు గాలికీ దాదాపు 50 కిలోవాట్ల కూలింగ్ పడుతుంది. అంటే 2,000 కిలోవాట్లు. చిల్లర్ ప్లాంట్ (ఏసీకి చల్లటి నీరు చేసే యంత్రాలు) సీఓపీ, అంటే ఒక కిలోవాటు కరెంటుకు ఇచ్చే కూలింగ్, 3.5 అయితే కరెంటు 570, సప్లై, ఎగ్జాస్ట్ ఫ్యాన్లకు ఇంకో 140. ఒక్క బీకరు కూడా వేడి చేయకముందే 700 కిలోవాట్లు అయిపోయాయి. బయటికి పోయే గాలి చల్లదనాన్ని లోపలికి వచ్చే గాలికి అందించే హీట్ రికవరీ పెడితే కొంత తగ్గుతుంది. హుడ్ల అద్దాలు దించితే గాలి తక్కువ పోతుంది, కానీ దించి ఉంచుతారనే నమ్మకంతో మాత్రం నేను ఒక్క కిలోవాటు కూడా తగ్గించను. ఎవరూ దించరు.

ఇప్పుడు పరికరాలు. నేమ్‌ప్లేట్ మీది అంకె వైరు, బ్రేకరు సైజు కోసం. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌నే చూడండి. దాని మీద 230 వోల్టులు, 10 ఆంపియర్లు అని ఉంటే మీ జాబితాలో 2.3 కిలోవాట్లు పడుతుంది. అదే ఫ్రీజర్‌కు ఎనర్జీ మీటర్ తగిలిస్తే రోజుకు 10 నుంచి 20 యూనిట్లు, అంటే సగటున 0.4 నుంచి 0.8 కిలోవాట్లు. యాభై ఫ్రీజర్ల కంప్రెసర్లు ఒకేసారి తిరగవు కాబట్టి గుంపుకు సగటు వేసి కొంచెం మార్జిన్ ఇస్తే చాలు. ఆటోక్లేవ్ (ఆవిరితో సామాను క్రిమిరహితం చేసే యంత్రం) అలా కాదు. సొంతంగా ఆవిరి చేసుకునే పెద్దవి వేడెక్కేటప్పుడు 20, 30 కిలోవాట్లు నిజంగానే లాగుతాయి, పైగా పని ముగిశాక అన్నీ ఒకేసారి ఆన్ చేస్తారు. వాటిని పూర్తి లోడ్‌కే రాస్తాను. ఫ్రీజర్లతో సహా మిగతా సామానుకు, మీలాంటి ల్యాబులకు చదరపు మీటరుకు 40 వాట్లు నాకు సరిపోయింది. ఆటోక్లేవులు కాక అన్నీ కలిపి 240 కిలోవాట్లు.

ఈ 150, 40ల తేడా పరికరాల దగ్గరే ఆగదు, చాలామందికి తట్టనిది ఇదే. 8 ఎయిర్ చేంజ్‌ల గాలి, గదికీ సప్లైకీ 10 డిగ్రీల తేడాతో చదరపు మీటరుకు సుమారు 80 వాట్ల వేడిని ఎలాగూ మోసుకుపోతుంది. 40 వాట్లు అంటే ఏసీ డిజైనర్ గాలి పెంచడు. 150 అని రాసిస్తే గాలి దాదాపు రెట్టింపు చేస్తాడు, దాంతో చిల్లర్, ఫ్యాన్లు కూడా రెట్టింపు. అందుకే ఎలక్ట్రికల్, ఏసీ వాళ్లిద్దరూ ఒకే అంకె మీద కూర్చోవాలి.

ఇక ఆఫీసులు, కారిడార్ల ఏసీ, లైట్లు అన్నీ కలిపి 200, ఆటోక్లేవులు, లిఫ్టులు, పంపులకు 150. మొత్తం సుమారు 1,300 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ (ట్రాన్స్‌ఫార్మర్ మోసే కేవీఏలో కిలోవాట్ల వంతు) 0.95 అయితే 1,370 కేవీఏ. పెరుగుదలకు 15 శాతం కలిపితే 1,575. ఒకటి ఆగినా రెండోది మోసేలా రెండు 1,600 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టుకుంటాను.

ఖరారు చేసే ముందు, అదే సంస్థకు ఇప్పటికే ల్యాబ్ ఉంటే దాని ఫీడర్ (భవనానికి కరెంటు తెచ్చే లైను) మీటర్ నుంచి 15 నిమిషాల డిమాండ్ రీడింగులు అడిగి తెప్పించుకోండి, ఎండాకాలానివి తప్పకుండా. రాత్రి రెండింటి రీడింగు కూడా చూడండి. మనుషులు లేనప్పుడు కూడా దిగని లోడ్ ఎంతో అక్కడే తెలుస్తుంది.

జనరేటర్‌కు మాత్రం ఈ సగటు లెక్క పనికిరాదు. కరెంటు పోయి వచ్చాక ఫ్రీజర్లన్నీ ఒకేసారి లేస్తాయి. వాటిని గుంపులుగా విడదీసి, టైమర్లతో ఒక్కో గుంపునూ ఆలస్యంగా ఆన్ చేసేలా ప్యానెల్ డ్రాయింగులోనే రాయించండి.