కరెంటు లైన్‌లో వోల్టేజీ పెంచితే వి²/ఆర్ (వి అంటే వోల్టేజీ, ఆర్ అంటే తీగ నిరోధం) ప్రకారం తీగలో నష్టం పెరగాలి కదా?

మీ లెక్క తప్పింది ఒక్కచోటే. వి²/ఆర్‌లో లైన్ వోల్టేజీ 220 కేవీ (కిలోవోల్టులు) పెట్టేశారు. అక్కడ పెట్టాల్సింది తీగ ఈ కొసకూ ఆ కొసకూ మధ్య పడిపోయే వోల్టేజీ. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఇలా చేసి చూడండి:

1. సాగర్ నుంచి నల్గొండకు 100 మెగావాట్లు పంపాలి అనుకోండి. మూడు ఫేజులు, పవర్ ఫ్యాక్టర్ 1 (అంటే తీగలో పారే కరెంటంతా పనికొచ్చేదే). 220 కేవీలో ఒక్కో తీగలో దాదాపు 262 ఆంపియర్లు.
2. అదే 11 కేవీలో దాదాపు 5,250. అంటే 20 రెట్లు.
3. తీగలో వేడి ఐ²ఆర్ (ఐ అంటే కరెంటు). అదే తీగైతే నష్టం 400 రెట్లు!
4. వి²/ఆరే వాడాలంటే ముందు ఐ×ఆర్ కట్టి, ఆ డ్రాప్‌నే (తీగలో పడిపోయే వోల్టేజీనే) వి స్థానంలో వేయండి. జవాబు అదే వస్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, సన్నటి తీగ చివరన ఉన్న బోరు మోటారు మూలిగేదీ ఈ డ్రాప్‌తోనే.