లారాని చంపిందెవరో ఇక్కడ చెప్పం

పోయిన సంచికలో 'ట్విన్ పీక్స్' మీద రాసినదానికి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి జవాబులివి. చూడనివారి కోసం రెండు ముక్కలు: 1990లో అమెరికాలో ఏబీసీ ఛానల్లో మొదలైన సీరియల్ ఇది. అడవి పక్క చిన్న ఊళ్ళో లారా పామర్ అనే స్కూలుపిల్ల శవం ప్లాస్టిక్‌లో చుట్టి నీటి ఒడ్డున దొరుకుతుంది. విచారణకు ఎఫ్‌బీఐ నుంచి డేల్ కూపర్ వస్తాడు. సృష్టికర్తలు డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్.

ప్ర: రెండో సీజన్ సగానికొచ్చేసరికి నాడీన్ మళ్ళీ స్కూలుపిల్లనైపోయాననుకుంటుంది, హోటలు యజమాని బెన్ హార్న్ అమెరికా అంతర్యుద్ధం సేనానిలా వేషం కడతాడు. రచయితలు మారిపోయారా?
– కె. ఎస్., పద్మారావునగర్

జ: అందరూ అలాగే అనుకుంటారు గానీ, పెద్దగా మారలేదండీ. మొదటి సీజన్ రాసిన హార్లీ పేటన్, రాబర్ట్ ఎంగెల్స్ రెండో సీజన్లోనూ ఉన్నారు. పోయింది కథని కట్టి ఉంచిన తాడు. మొదట్లో ఊళ్ళో ఎవరేం చేసినా మనకి ఒకటే అనుమానం: ఆ రాత్రి వీళ్ళెక్కడున్నారు? బెన్ హోటలు, నాడీన్ కర్టెన్లు, రంపపుమిల్లు గొడవ, ఏ ఉపకథైనా ఆ అనుమానం నీడలోనే నడిచేది. ఛానల్ ఒత్తిడితో 1990 నవంబర్ 10న హంతకుడి సంగతి బయటపెట్టారు. అది చెప్పడం లించ్‌కి అసలు ఇష్టం లేదు. ఇంకో రెండు ఎపిసోడ్లలో కేసు ముగిసింది. ఆ తర్వాత ప్రతి పాత్రకీ విడిగా పని కల్పించాల్సొచ్చింది. లారాని ప్రేమించిన జేమ్స్‌ని ఏకంగా ఊరే దాటించి ఎవరో ధనవంతురాలి ఇంట్లో కారు బాగుచేయించారు. మిగతా కథతో పెద్దగా లంకె లేని ఆ ముక్కని ఫార్వర్డ్ చేసినా కథ తప్పిపోదు. నా దృష్టిలో మొత్తం సీరియల్లో బలహీనమైన భాగం అదే.

ఇంకో లెక్క కూడా చూడండి. మొత్తం 30 ఎపిసోడ్లలో లించ్ దర్శకత్వం చేసినవి ఆరే. హంతకుణ్ణి చూపించిన ఎపిసోడ్ తర్వాత చివరిది వచ్చేదాకా వరసగా పద్నాలుగింటికి ఆయన దర్శకుడు కాడు (చెవిటి అధికారి గోర్డన్ కోల్‌గా తెరమీదికి మాత్రం వచ్చిపోతుంటాడు). ఆఖరి ఎపిసోడ్‌కి ఫ్రాస్ట్, పేటన్, ఎంగెల్స్ రాసిచ్చిన స్క్రిప్టులో ఎర్రగది (కూపర్ కలలో కనబడే ఎర్ర తెరల గది) సీన్లని సెట్‌లో దాదాపు పూర్తిగా మార్చేశాడు.

మన డైలీ సీరియల్ టైటిల్స్‌లో కథ, స్క్రీన్‌ప్లే, మాటలు అని మూడు పేర్లు పడితే అవే రోజూ పడతాయి. అక్కడ ఎపిసోడ్‌కో రచయిత పేరు. పాత్ర తేడాగా ప్రవర్తించిందనిపించినప్పుడు ముందు ఆ రోజు పేరు చూడండి. సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

ప్ర: లారా తల్లికి కనబడే ఆ భయంకరమైన మనిషి, బాబ్ పాత్ర మొదటినుంచీ ప్లాన్‌లో ఉందా?
– ఆర్., మెహదీపట్నం

జ: లేదు. బాబ్‌గా వేసిన ఫ్రాంక్ సిల్వా సెట్లో సామాన్లు సర్దే మనిషి. పైలట్ (మొట్టమొదటి ఎపిసోడ్) తీస్తున్నప్పుడు లారా గదిలో బల్ల జరుపుతుంటే చూసిన లించ్, ఎందుకో తనకే తెలియకుండా, అతన్ని మంచం కాళ్ళ దగ్గర కూర్చోబెట్టి ఒక షాట్ తీసుకున్నాడు. తర్వాత లారా తల్లి కేకపెట్టి లేచే షాట్‌లో అద్దంలో అతని నీడ పడింది. కెమెరామన్ టేక్ పాడైందన్నాడు, లించ్ ఉంచేయమన్నాడు. మ్యాడీ కథా ఇలాంటిదే. లారాగా వేసిన షెరిల్ లీని తీసుకున్నది శవంగా పడుకోవడానికి. ఆమెని వదులుకోలేక లారా పోలికలున్న చుట్టంగా మ్యాడీని సృష్టించారు.

ప్ర: 'ట్విన్ పీక్స్' సినిమా ముందు చూడొచ్చా?
– పి. వి., నల్లకుంట

జ: వద్దు. 1992 సినిమా లారా ఆఖరి రోజుల కథ, జవాబు అందులోనే ఉంది. రెండు సీజన్లు, ఆ సినిమా, ఆ తర్వాత 2017లో వచ్చిన 18 భాగాలు. అదే వరస. యూరప్ వీడియో కోసం వేరే ముగింపు అతికించిన పైలట్ ఒకటుంది, దాని జోలికీ వెళ్ళకండి.

ప్ర: ఊళ్ళో డైనర్ నడిపే నార్మా తల్లి గురించి టీవీలో ఒకలా, ఫ్రాస్ట్ 2016లో రాసిన పుస్తకంలో ఇంకోలా ఉంది. ఇది క్లూనా, పొరపాటా?
– ఎస్., సైనిక్‌పురి

జ: దీని మీద అభిమానులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. మేం పెట్టుకున్న జల్లెడ ఇది: ఆ తేడాని కథలో ఎవరైనా గమనించారా? గమనిస్తే క్లూ. ఎవరికీ పట్టకపోతే అది రాసినవాళ్ళ చేతిజారుడు అనుకోవడమే మేలు.

ప్ర: మా అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం కలిసి చూద్దామనుకుంటున్నాం. ఇద్దరు ముందే చూసేశారు. ఎలా నడపాలి?
– డి. ఎం., కూకట్‌పల్లి

జ: ముందు అంకెల గొడవ తేల్చుకోండి. తీసినవాళ్ళు పైలట్‌ని లెక్కలో వెయ్యలేదు, యాప్‌లు దాన్ని ఒకటిగా వేస్తాయి. అందుకే ఒకరు నాలుగంటే ఇంకొకరికి అది మూడు. ఎపిసోడ్ల పేర్లు కూడా అసలువి కావు, జర్మన్ ప్రసారానికి పెట్టినవి. ఇక్కడ తీసినవాళ్ళ లెక్కే వాడుతున్నాం.

పైలట్, రెండో సీజన్ మొదలయ్యే 8వది గంటన్నర చొప్పున, మిగతావి ముప్పావుగంట చొప్పున. ఆ రెండూ, సీజన్లు ముగిసే 7, 29 ఒంటరిగా, మిగిలినవి జంటలుగా వేస్తే ఆదివారానికొకటి చొప్పున 17 ఆదివారాలు. అలా చేస్తే జవాబు బయటపడే 14వది విడత చివర పడుతుంది. దానికి ముందు ఆదివారం ఒక్కొక్కరి అనుమానం చీటీమీద రాయించి మడిచి పెట్టండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎపిసోడ్‌కి ఇంచుమించు ఒక రోజు గడుస్తుంది. తారీఖు కూపర్ టేప్‌రికార్డర్‌లో తన సెక్రటరీ డయాన్‌కి చెప్పే మాటల్లో అప్పుడప్పుడు దొరుకుతుంది, మొదటిది ఫిబ్రవరి 24. ప్రతి సమాచారం పక్కనా మనం చూసిందా, ఎవరో చెప్పిందా, కలలో వచ్చిందా రాయండి. ఇది రాయకపోతే మూడోవారానికల్లా ఎవరో అన్న అబద్ధం మీ పుస్తకంలో రుజువై కూర్చుంటుంది.

చూసేసిన ఇద్దరికీ ఆ నోట్‌బుక్ రాసే పని అప్పగించండి, చెయ్యి ఖాళీగా ఉండదు. నటుల పేర్లు ఫోన్లో వెతకడం మాత్రం అందరికీ నిషేధం: పాత్ర పేరు కొడితే రెండో లైన్లోనే గుట్టు రట్టవుతుంది.