నా పన్ను డబ్బుతో నచ్చని పార్టీ ప్రచారమా?

పార్టీల ఎన్నికల ఖర్చు ప్రభుత్వం భరిస్తే, నచ్చని పార్టీకి మన చేత బలవంతంగా చందా ఇప్పించినట్టే కదా అని అడిగారు. అభ్యంతరం బలమైనదే. అయితే ఇప్పుడు పార్టీలకు చందాలు ఇస్తున్నవాళ్లంతా ఇష్టపడే ఇస్తున్నారని మీరు అనుకుంటున్నట్టుంది. విశాఖలో పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల దుకాణాలకు చాలా ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. నాకు కనిపించేది వేరు.

ఎన్నికలు దగ్గరపడగానే కండువాలు వేసుకున్న నలుగురు కొట్టు ముందుకొస్తారు. ఎంత ఇవ్వాలో వాళ్లే చెబుతారు. మర్నాడు ఎదుటి పార్టీవాళ్లు వస్తారు. యజమాని ఇద్దరికీ ఇస్తాడు. కాదంటే అన్నాళ్లూ ఎవరికీ అడ్డురాని బస్తాలు, బోర్డు, ట్రేడ్ లైసెన్సు ఒక్కసారిగా కంటగింపవుతాయని అతని భయం. రసీదు ఉండదు కాబట్టి ఆ మొత్తాన్ని యజమాని సొంత వాడకాల కింద రాస్తాను. బేరమాడి కొంత తగ్గించుకున్నందుకే సంబరపడిన కిరాణా ఆసామి ఒకరున్నారు. ఆయన ఓటు ఎవరికో నేను అడగలేదు గానీ, ఇద్దరికీ అయితే వేయలేరు కదా!

పైగా ఖజానా ఇప్పటికే పార్టీలను పోషిస్తోంది. లెక్కలు సరిగా చూపిన పార్టీల ఆదాయానికి పన్ను లేదు. పాత పన్ను విధానంలో, నగదుగా కాకుండా విరాళమిచ్చినవారికి ఆ మొత్తంపై పూర్తి మినహాయింపు ఉంది. గుర్తింపు పొందిన పార్టీలకు 1998 నుంచి ఆకాశవాణి, దూరదర్శన్‌లలో ఉచిత సమయం దొరుకుతోంది. ఇవేవీ మనల్ని అడిగి ఇచ్చినవి కావు.

మీ వాదన నిజంగా పదునెక్కేది పంపకం దగ్గర. ఈ విషయం పరిశీలించడానికి కేంద్రం వేసిన ఇంద్రజిత్ గుప్తా కమిటీ 1998లో ప్రభుత్వ సాయాన్ని సమర్థిస్తూనే, అది గుర్తింపు పొందిన పార్టీలకే, వస్తుసేవల రూపంలోనే అంది. స్వతంత్రులకు మొండిచేయి చూపింది. ఉన్నవాళ్లను నా డబ్బుతో మరింత బలపరచి, కొత్తవాడికి తలుపు మూయడం నాకు మింగుడుపడదు.

అమెరికాలోని సియాటిల్ పద్ధతి నాకు కాస్త నచ్చింది. 2017 నుంచి నగర ఎన్నికల కోసం అక్కడి ప్రజలకు 25 డాలర్ల కూపన్లు నాలుగేసి ఇస్తున్నారు. ఆ పథకంలో చేరిన అభ్యర్థుల్లో ఇష్టమైనవారికి ఇవ్వచ్చు, చించి పారేయనూవచ్చు. డబ్బు ఆస్తిపన్ను నుంచి వస్తుంది గనుక, సరిగ్గా మీ వాదనతోనే ఇద్దరు ఆస్తిపరులు కోర్టుకెక్కారు. వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2019లో దాన్ని తోసిపుచ్చింది. పన్ను తప్పదు, నిజమే. కానీ ఎవరికివ్వాలో తేల్చేది ప్రభుత్వం కాదు.

ఇక గోప్యత. పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చే వీలు కల్పించిన ఎన్నికల బాండ్లను మన సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసినప్పుడు ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందని చెప్పింది. పెద్ద కంపెనీల విషయంలో సంతోషమే. చిన్న వర్తకుడికి మాత్రం పేరు బయటపడకపోవడమే రక్ష. 20,000 రూపాయల వరకు ఇచ్చినవారి పేర్లు పార్టీలు ప్రకటించనక్కర్లేదన్న నిబంధనను తిట్టేవాళ్లు ఈ సంగతి మరచిపోతుంటారు.

మన రాష్ట్రంలో ఎంపీ అభ్యర్థి ఖర్చుకు 95 లక్షలు, ఎమ్మెల్యే అభ్యర్థికి 40 లక్షలు పరిమితి. పార్టీ ఖర్చుకు పరిమితే లేదు. అది పెట్టకుండా సర్కారు సొమ్ము ఇస్తే, ఇప్పుడు వసూలు చేస్తున్నదానికి అది అదనమవుతుందంతే. ముందు ఆ పరిమితి పెట్టనివ్వండి, తర్వాత కూపన్లకు నేను సరే అంటాను. పార్టీల ఖాతాల్లో నేరుగా నగదు వేస్తామంటే మాత్రం నేనూ మీ పక్షమే.