వుజూ అంటే కాళ్లూ చేతులూ కడుక్కోవడమేనా?

సందేహం: ఒక అనువాదంలో, ముస్లిములు నమాజుకు ముందు చేసుకునే వుజూను ‘కాళ్లూ చేతులూ కడుక్కోవడం’ అనీ, ఒళ్లంతా తడిపే గుస్ల్‌ను ‘స్నానం’ అనీ రాశాను. ‘శుద్ధి’ అన్న మాట ఉండాలంటాడు మా స్నేహితుడు. ఏది సరి? అసలు రాయాల్సింది వుజూనా, ఉజూనా, వజూనా?

సమాధానం: నా మొగ్గు మీ స్నేహితుడి వైపే. శుభ్రం కంటికి కనిపిస్తుంది, శుద్ధి కనిపించనక్కర్లేదు. వుజూ చేసుకున్నాక అపానవాయువు వెలువడితే వుజూ పోతుంది. ఒంటికి ఏ మురికీ అంటలేదు, అయినా నమాజుకు ముందు మళ్లీ చేసుకోవాల్సిందే. నీళ్లు దొరకనప్పుడు చేసే తయమ్ముమ్ సంగతి చూడండి. శుభ్రమైన మట్టిని అరచేతులతో తాకి, ఆ చేతులతో మొహాన్నీ చేతుల్నీ తడుముకుంటారు. ఇందులో కడుక్కున్నదేముంది?

పైగా మీ మాటలో మొహమూ తలా జారిపోయాయి. ఖురాన్ 5వ అధ్యాయం 6వ వాక్యంలో అవి రెండూ ఉన్నాయి. మొహం కడగాలి, తల దగ్గరికొచ్చేసరికి క్రియే మారుతుంది, అది మసహ్. దీన్ని ‘తుడుచుకోవడం’ అంటే తువ్వాలు గుర్తొస్తుంది, తడి ఆర్చుకుంటున్నట్టు ఉంటుంది. ‘తడిచేత్తో తల నిమురుకోవడం’ అంటే సరిగ్గా కుదురుతుంది.

గుస్ల్‌కు వట్టి ‘స్నానం’ చాలదు. తల తడవకపోయినా మనం స్నానం చేశామనే అంటాం. గుస్ల్‌లో తలతో సహా ఒళ్లంతా తడవాలి కాబట్టి ‘తలస్నానం’ కొంత నయం. తలంటు మాత్రం కాదు, అందులో నూనె ఉంది! మొదటిసారి ‘శుద్ధిస్నానం (గుస్ల్)’ అని రాసి, తర్వాత గుస్ల్ అనే వాడుకోండి.

ఒక్క జాగ్రత్త. గుస్ల్ చేయాల్సి ఉన్నవారిని ‘మైలపడ్డవారు’ అనకండి. మన మైల తాకితే అంటుకుంటుంది. ఇది ఆ మనిషి నమాజు చేయడానికున్న అడ్డే తప్ప ఇంకొకరికి అంటేది కాదు. అలాంటి స్థితిలో ఉండి తనకు దూరంగా తప్పుకున్న తన సహచరుడు అబూ హురైరాతో, విశ్వాసి అపవిత్రుడు కాడని ప్రవక్త చెప్పినట్టు హదీసు ఉంది.

ఇక వర్ణక్రమం. అరబీలో మొదటి అక్షరానికి ఉకారం ఉంటే అది చేసే పని, అకారం ఉంటే అందుకు వాడే నీళ్లు. అందుకే నేను ‘వుజూ’ అనే రాస్తాను. ‘వజూ’ జనం నోట బాగా వినిపిస్తుంది, సంభాషణల్లో మార్చకండి. ‘ఉజూ’ కూడా తప్పేం కాదు, ఉకారం ముందు వకారాన్ని మింగేయడం తెలుగు నోటికి అలవాటే.