బీపీ తగ్గిందని గోలీ ఆపుతారా, తమ్మీ?

తమ్మీ,

దేవరకొండలో చూపించుకుంటే 130/80 వచ్చిందని గోలీలు పక్కన పెట్టేశావట. మరదలు ఫోన్లో చెప్పింది. ఆ 130 గోలీ పుణ్యమే. ఆపితే మళ్లీ పైకి పోతుంది, పోయిన సంగతి నీకు తెలియను కూడా తెలియదు. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకునేవాళ్లను ఏఎన్ఎంగా ఊళ్లు తిరిగినన్నాళ్లూ చూస్తూనే ఉన్నాను. రేపే డాక్టర్ దగ్గరికి పోయి, ఆపిన మాట దాచకుండా చెప్పు. అదే మోతాదు వాడాలా, మార్చాలా అనేది ఆయన చూసుకుంటాడు. డబ్బుల ఇబ్బందైతే సర్కారు దవాఖానలో బీపీ మందులు ఉచితంగానే ఇస్తారు, ఆశా కార్యకర్తను అడుగు.

నీ విషయంలో నాకు అసలు అనుమానం మోకాళ్ల మీద. మన నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల కీళ్ల సంగతి నీకు చెప్పాలా? నొప్పి లేచిందంటే మెడికల్ షాపుకు పోయి డైక్లోఫెనాక్ తెచ్చుకుని మింగడం నీకు అలవాటు. అలాంటి గోలీలు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచి బీపీని పెంచుతాయి, బీపీ మందును సరిగ్గా పనిచేయనీయవు. నీ బీపీ గోలీ టెల్మిసార్టాన్‌తో పాటు అవి రోజూ పడితే కిడ్నీలకూ ముప్పే, ఈ వయసులో మరీను. ఆర్ఎంపీ వేసే సూదిలో స్టెరాయిడ్ ఉంటే అదీ బీపీని పెంచేదే. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుందా, పైపూత చాలా అని డాక్టర్‌నే అడుగు. పోయేటప్పుడు ఇంట్లో ఉన్న గోలీలన్నీ సంచిలో వేసుకుని పో.

మెషీన్ కొంటే జబ్బకు పట్టీ కట్టేది కొను, మణికట్టుది వద్దు. చాయ్, బీడీ అయ్యాక అరగంట ఆగి, మూత్రానికి పోయి వచ్చి, వీపు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చో. తర్వాత మాట్లాడకుండా, నిమిషం తేడాతో రెండుసార్లు చూసుకో. మరదలిని రాయమను, నీ రాతలో మూడుకూ ఎనిమిదికీ తేడా ఉండదు. ఇంట్లో వరుసగా కొన్ని రోజులు 135/85 దాటుతుంటే ఆ కాగితం డాక్టర్‌కు చూపించు.

లేచి నిలబడ్డాక కూడా ఒకసారి చూడు. కూర్చున్నప్పటికంటే పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గినా, కళ్లు తిరిగినా డాక్టర్‌కు చెప్పాలి. రాత్రి మంచం మీద నుంచి దిగ్గున లేవకు, కాసేపు కాళ్లు కిందికి వేసి కూర్చుని లే. ముసలితనంలో తుంటి విరిగితే ఇల్లంతా మంచాన పడ్డట్టే. ఎండాకాలం చెమట పోయి నీరసంగా ఉంటే బీపీ బాగా దిగి ఉండొచ్చు. అప్పుడూ గోలీ నీ అంతట నువ్వు ఆపకు, చూపించుకో.

ఉప్పు అన్నింటిలో కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూన్ మించొద్దు. మామిడికాయ తొక్కు మానమంటే వినవని తెలుసు, వేలితో నాకేంత వేసుకో. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది. నువ్వు వాడే గోలీకి అది పడకపోవచ్చు, అడగకుండా కొనకు.

ఒకటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి పెట్టు. ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతమే అనుకోవాలి. పసరు వైద్యమని తిప్పకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటల లోపే వేస్తారు, అదీ స్కానింగ్ తీశాకే. అందుకే ఎప్పుడు మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకొమ్మను.

మీ అక్క